సర్ తామస్ మన్రో దొరవారి చరిత్రము



మన సంఘముయొక్క వార్షికమహాసభ వాల్మీకిపురమున సమావేశమగు నీ శుభసమయమున వెలువడుచున్న సంచికకై యొక మహనీయుని చరిత్రమును వ్రాసి యీయవలసినదని కార్యనిర్వాహకులు మమ్ముఁ గోరిరి. బడిపిల్లలకు శబ్దములును కావ్యములును చెప్పుకొనుచు జీవితమును గడపినవారమగుటచే మాకు మొదట పురాణపురుషులే స్ఫురించిరి. కాని మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములనుండి యీ సభకు విచ్చేయు మనవారిలో ననేకులు రెండుమూఁ డెకరముల మెట్టయు, చెఱువుక్రింద కొన్ని గుంటల మడియుఁ గలవారే. అట్టి చిన్నరైతు కడుపునిండఁ దినుటకు మూఁడు సాధనములు కావలెను. తాను దున్ను భూమికిఁ దన పేర నొక కాగితము. దొరతనమువారి శిస్తు మితముగా నుండుట. ఊరి చెఱువుకట్ట గట్టిగా నిలుచుట. ఈ మూఁటిని గుఱించి మన సీమలో మొట్టమొదట గుడారముల వెంటఁ దిరిగి, రైతుల నడిగి, లెక్కలు కట్టించిన యధికారి తామస్ మన్రో దొర. ఆయన పరదేశీయుఁడు, పరప్రభుత్వసేవకుఁడు. ఐనను ఆయన చేసిన మేలును, చేసిన తప్పును మనకు నేఁటికిని పాఠములే యగుటచేత ఆయన చరిత్రమునే యెన్నుకొంటిమి.

మన్రో 1761వ సంవత్సరము మే నెల 27వ తేదీని స్కాట్లండు దేశమందలి గ్లాస్గో నగరమున జన్మించెను. తండ్రి అలెగ్జాండరు మన్రో అమెరికాఖండముతో పొగాకు వర్తకము చేయుచుండిన సంపన్నుఁడు. తామస్ ఆ నగరమునందలి విశ్వవిద్యాలయముననే గణితమును రసాయనశాస్త్రమును జదివెను. బాల్యమున వచ్చిన తట్టు రోగమువలన ఆయనకుఁ జెవుడు కొంత మిగిలెను. అమెరికావారు స్వాతంత్ర్యయుద్ధమునకు లేచినంతనే తండ్రి వర్తకము మునిఁగిపోయెను. కలిమిలేములు కావడికుండలని మనవారు చెప్పుదురు గదా! ఆ కుటుంబమున కది యనుభవమునకు వచ్చెను. అందుచేత తామస్ ఈస్టిండియా కుంఫిణీవారి సైన్యమునఁ జిన్నయుద్యోగమునుఁ బొంది, 1780 జనవరిలో చెన్నపట్టణమున దిగెను. తన కొలఁది జీతములోనుండి మిగిల్చి తలిదండ్రులకుఁ బంపుచు వచ్చెను. అప్పులవారిచే పీడింపఁబడిన యింటినుండి వచ్చినవాఁ డగుటచే, అప్పుల పాలైన రైతు దుఃఖ మాయనకు సులభముగా నర్థమయ్యె నని మే మూహింతుము.

వచ్చిన సంవత్సరముననే హైదరాలీతో యుద్ధము సంభవించెను. మన్రో ఆ యుద్ధమునను, తరువాత 1790 మొదలు 1792 వఱకు టిప్పుసుల్తానుతో జరిగిన యుద్ధమునను బనిచేసెను. ఈ రెండవ యుద్ధముననే 1791లో కారన్‌వాలీసు ప్రభువు సేన మన పలమనేరు దాపుననున్న మొగిలికనుమ నెక్కి బెంగుళూరుపైకి నడచినది. యుద్ధము ముగిసినపిదప బారామహలు సీమ, అనఁగా నేఁటి సేలము, ధర్మపురి, కృష్ణగిరి ప్రాంతము, కుంఫిణీవారి కైవసమయ్యెను. అచ్చట కెప్టెను రీడు దొరక్రింద నేడేండ్లు శిస్తుపనులను నేర్చుకొనెను. నడుమ ఇజారాదారుఁడు లేక, ఒక్కొక్క రైతుతో నేరుగా సర్కారు ఒడంబడిక చేసికొనునట్టి రైతువారీపద్ధతి ఆ సీమలోనే రూపుదిద్దుకొనెను. కత్తిని విడిచి కాగితమును బట్టిన యా సేనానికి అదియే బడి, రైతులే యొజ్జలు.

1799లో శ్రీరంగపట్టణము పడిపోయెను. ఆ పిమ్మట మన్రో కొంతకాలము కన్నడసీమలోఁ బనిచేసెను. 1792, 1799 సంవత్సరముల సంధులవలన నిజామునవాబునకు వచ్చిన సీమలు 1800 అక్టోబరు 12వ తేదీ సంధివలన కుంఫిణీవారికి ధారాదత్తము లయ్యెను. ఇవియే దత్తమండలములు, 1928 మొదలు మనము రాయలసీమ యని సగౌరవముగాఁ బిలుచుకొనుచున్న దేశము. మన గుఱ్ఱముకొండసీమ అందులోనిదే. వాయల్పాడు, మదనపల్లె తాలూకాలు ఆనాఁటినుండి 1911లో చిత్తూరు జిల్లా యేర్పడువఱకు కడపజిల్లాలోనే యుండెను. ఆ దత్తమండలముల కంతటికిని ప్రధానకలెక్టరుగా మన్రో నియమింపఁబడెను. ఆయనకు సహాయులు నలువురు మాత్రమే.

ఆయన వచ్చునప్పటికి మన సీమ యెట్లుండెనో తలఁచుకొనిన గుండె తరుఁగును. ఒకయేఁట మైసూరువారు, ఒకయేఁట మరాఠావారు, ఒకయేఁట నిజామువారు వచ్చి పంటను గొట్టుకొనిపోయిరి. ఎనుబదిమంది పాళెగాండ్రు కోటలలో నుండి తమ బంట్లచేత గ్రామములను బిండుచుండిరి. ఎవనికి శిస్తు చెల్లింపవలెనో రైతునకుఁ దెలియదు. ఒకనికిఁ జెల్లించిన మఱియొకఁడు వచ్చును. విత్తనపుగింజలుగూడ మిగులక జనులు ఊళ్లు విడిచి పోవుచుండిరి. చెఱువులు తెగి, కట్టలపై తుమ్మలు మొలిచెను. మన్రో సైన్యసహాయమున పాళెగాండ్రను అణఁచి, కొందఱకు భరణము లేర్పఱచి, వారి బంట్లను విడిపించెను. ఈ పనిలో కాఠిన్యము లేకపోలేదు. పాళెగాండ్రలో చెఱువులు త్రవ్వించినవారును, గుడులు కట్టించినవారును కలరు. వారిని నమ్ముకొని బ్రదికిన బంట్ల కుటుంబములు కూటికి లేక చెదరిపోయెను. చరిత్రము వ్రాయువాఁడు స్తోత్రపాఠకుఁడు గారాదు గనుక దీనిని గూడఁ జెప్పితిమి.

ఇఁక ఆయన పనిచేసిన తీరు. ఏడేండ్లు ఆయన నివాసము చాలవఱకు డేరాలలోనే. ఏఁటేఁట సీమయంతయుఁ దిరుగుచు, బందోబస్తు లేకయే గ్రామముల నడుమ దిగి, తెల్లవాఱినది మొదలు వచ్చిన రైతులతో మాటలాడుచుండెను. ఆడంబరము లేని దుస్తులు, సామాన్యపు భోజనము. కరణము చెప్పిన లెక్కను రెడ్డి నడిగియు, రెడ్డి చెప్పినదానిని రైతునడిగియు సరిచూచుకొనెడివాఁడు. మదనపల్లెలో ఆయన యొక చిన్న పూరిల్లు వేయించుకొని యుండెనని మన ప్రాంతమునఁ బ్రతీతి కలదు. మొదటియేఁట గ్రామమునకు గ్రామముగా శిస్తు నిర్ణయించి, మఱుసటియేఁటనుండి రైతు రైతుతో వేఱువేఱుగా జమాబంది చేసెను. ఒక్కొక్క రైతునకు వాని పేర పట్టా. అంతవఱకు ఊరిలెక్కలో నెచ్చటనో యణఁగియుండిన పేదవాని పేరు ఆ దినమున సర్కారుకాగితము కెక్కెను.

1802లో ఆయన భూమిని కొలిపింప నారంభించెను. అందులకు ముప్పదిమూఁ డడుగుల గొలుసు నేర్పఱచెను. ఆ గొలుసు పొడవున నంతే వెడల్పున నుండు చదరములు నలువది చేరిన నొక యెకరము. మన ముసలివారు గుంట యని చెప్పు కొలత యిదియే. గుంట అడుగులలో నెంత యని పిల్లల నడిగిన చెప్పలేకపోవుదురు గనుక, ముప్పదిమూఁటిని ముప్పదిమూఁటిచే హెచ్చించి వేయినెనుబదితొమ్మిది యని వారికి నేర్పుట మంచిది. కొలుచువారి వెనుక తనిఖీదారులును, వారి వెనుక మెట్ట, మాగాణి, తోట యని భూములను తరగతులుగా విభజించువారును దిరిగిరి. తరగతుల నిర్ణయమున రెడ్డి, కరణములతోఁబాటు రైతులను గూడ నడుగవలెనని నియమము. మన పొలముల సంఖ్యలకును హద్దులకును పునాది యా కొలతలలోనే పడెను.

చెఱువులవిషయము మన సీమవారికి వేఱుగాఁ జెప్పనక్కఱలేదు. బాహుదా, పింఛా వంటి మన యేఱులు వానకాలమున కొన్నిదినములు పాఱి యెండిపోవును. కావున మన పూర్వులు పల్లమున్నచోట నెల్లఁ గట్ట వేసి, ఒక చెఱువు మరువ క్రింది చెఱువున కందునట్లు గొలుసుగాఁ గట్టిరి. కట్ట వేసినవానికిని, దానిని బాగుచేయువానికిని దశబంధ మను ఈనాములుండెను. నీరుపాఱించు నీరుగంటికిఁ గళ్లమున మేర యుండెను. కల్లోలకాలమున నీ యేర్పాటు చెడిపోయెను. 1803లో వానలు కుఱియక సీమ తల్లడిల్లెను. 1804లో అతివృష్టివలన ననేకములైన చెఱువులును కాలువలును తెగిపోయెను. ఒకయేఁట నీరు లేక, మఱుయేఁట నీరు నిలువక రైతు చెడెను. ఇట్టివేళల శిస్తులో వజా యిచ్చుటయు, ఎద్దులకును విత్తనములకును తకావి సొమ్మిచ్చుటయు, కట్టలు వేయించుటయు ప్రభుత్వపుఁ బనులని మన్రో భావించెను. కట్ట తెగినపుడు రూపాయి వెచ్చింపని సర్కారు కళ్లమున శిస్తెట్లు తీసికొనఁగలదు?

ఇంతవఱకు మేలు చెప్పితిమి. ఇఁకఁ దప్పు చెప్పవలెను. మనుస్మృతి భూమిని బట్టి ధాన్యములో నాఱవ, ఎనిమిదవ, పండ్రెండవ భాగమును రాజునకు విధించినది. ఆపత్కాలమున నాలవభాగము మించరాదన్నది. మన్రో కొలతలపైఁ గట్టిన శిస్తు మొత్తపుఁ బంటలో నూటికి నలువదియైదు పాళ్లవఱకు నుండెనని ఆయనయే తరువాత లెక్కించెను! ఏడేండ్లలో దత్తమండలముల ఆదాయము సుమారు సగము హెచ్చెను. కుంఫిణీవారు సంతసించిరి, కాని యా హెచ్చు ఎవని గాదెనుండి వచ్చినది? పదిమానికల రాగులు పండించి నాలుగున్నర మానికలు కొలిచియిచ్చినవానికి సంగటికి మిగులున దెంత, విత్తనమునకు మిగులునదెంత, ఒక్క కఱవునకు దాఁచుకొనున దెంత? పట్టాలో పేరున్నంతమాత్రమునఁ గడుపు నిండదు.

ఆయన గొప్పతనము ఆ తప్పును దాఁచకపోవుటలో నున్నది. స్వదేశమునకుఁ బోవుటకుముందు, 1807 ఆగష్టు 15వ తేదీని పైయధికారులకు నొక నివేదిక వ్రాసెను. కట్టిన శిస్తులో నూటికి నిరువదియైదు తగ్గింపవలెను. అప్పుడది పంటలో సుమారు మూఁడవవంతగును. బావులనుండి కపిలతోను, చెఱువులు వాగులనుండి ఏతముతోను నీరు తోడి పండించు భూములకు నూటికి ముప్పదిమూఁడు తగ్గింపవలెను. ఆ బావుల మరమ్మతు రైతులే చూచుకొనవలెను. చిన్నచెఱువుల మరమ్మతును రైతులు వహించిన వారికి నట్టి తగ్గింపే యీయవలెను. శిస్తు చెల్లించినంతకాలము రైతును భూమినుండి తొలఁగింపరాదు. ఏఁటికడపట వాఁడు కోరిన భూమిని విడువవచ్చును, కొత్తభూమిని దీసికొనవచ్చును. తాను హెచ్చించిన యాదాయమును తానే తగ్గింపుఁడని కోరిన కలెక్టరులు చరిత్రమున నెందఱుందురు?

కాని పైవారు వినలేదు. మన్రో ఓడ యెక్కెను; 1808లో గ్రామములను మూఁడేండ్లకు, ఆ పిదపఁ బదియేండ్లకు ఇజారాదారుల కిచ్చిరి. శిస్తుమాత్రము తగ్గింపలేదు. ఇజారాదారులు రైతులను బిండిరి. పంటలు చెడినయేండ్ల వారిలో ననేకులు తామును జెడిరి. తగ్గించినచో రైతుచేత మిగిలియుండెడి గింజ ఆ యేండ్లలో నడుమవాని పాలయ్యెను. ఒక మంచి నివేదిక కచేరిలో నిదురించుటచే గ్రామమున నెన్ని పొయ్యిలు వెలుఁగవో యెవరు లెక్కింతురు?

ఇంగ్లండులో మన్రో ఊరకుండలేదు. 1813లో కుంఫిణీ సన్నదును గుఱించి పార్లమెంటువారు విచారించునపుడు సాక్ష్యమిచ్చి, భారతదేశపు రైతు వ్యవసాయమునఁ దక్కువవాఁడు కాఁడనియు, ఈ దేశము నాగరకతకై యూరోపువంక జూడనక్కఱలేదనియు వాదించెను. 1814లో జేను క్యాంబెలును వివాహమాడి, న్యాయస్థానముల సంస్కరణమునకై తిరిగి చెన్నపట్టణమునకు వచ్చెను. 1820లో మద్రాసు రాజధానికి గవర్నరయ్యెను. అప్పుడు తన పదుమూఁ డేండ్లనాఁటి మాట నెఱవేఱెను: దత్తమండలములలో రైతువారీపద్ధతి మరల వచ్చెను, మెట్టకును మాగాణికిని నూటికి నిరువదియైదు, తోటభూములకు ముప్పదిమూఁడు తగ్గెను. ఈ దేశీయులను గొప్పయుద్యోగములలో నుంచనిదే రాజ్యము చక్కఁబడదని ఆయన పట్టుపట్టెను. 1822లో గ్రామములందలి వీథిబడులెన్ని, చదువుకొను పిల్లలెందఱని రాజధాని యంతట లెక్క తీయించెను. మేము బడిపంతులము గావున దీనిని విడువక చెప్పితిమి. 1825లో ఆయనకు బారొనెటు బిరుదము వచ్చెను.

కొడుకునకు జబ్బుచేయుటచే 1826లో భార్య స్వదేశమునకుఁ బోయెను. తానును బోవ నిశ్చయించుకొని, అంతకుముందు తాను పనిచేసిన దత్తమండలముల నొకమాఱు చూచి రావలెనని 1827 వేసవిలో బయలుదేఱెను. పరివారములో విషూచి ప్రవేశించెను. జులై 6వ తేదీని పత్తికొండలో నా వ్యాధిచేతనే ఆయన కాలధర్మము నొందెను. గుత్తిలో సమాధి చేయఁబడి, తరువాత 1831లో అస్థికలు చెన్నపట్టణపుఁ గోటలోని దేవాలయమునకుఁ జేర్పఁబడెను. 1839లో చెన్నపట్టణమున నిలిపిన విగ్రహమున ఆయన జీనులేని గుఱ్ఱముపై నున్నాఁడు. పత్తికొండలో నొక మెట్లబావియు తోపును, గుత్తిలో నొక సత్రమును ఆయన పేర నేర్పడెను. దాహమునకు నీరు, నీడకుఁ జెట్టు; అట్టివానికిఁ దగిన స్మారకములు. పాపఘ్నినది గండివద్ద ఆయనకు మాత్రమే బంగారుతోరణము కనఁబడెనని కథ. తిరుమలేశుని నైవేద్యమున మన్రో గంగాళ మను పేరు. మన సీమలో పిల్లలకు మన్రోలప్ప యని పేరు పెట్టుకొనిరి. కథలలో నిజమెంతయైనను, రైతులు కలెక్టరు పేరును బిడ్డకుఁ బెట్టుకొనుట కథ కాదు.

ఆయన పిమ్మట నేమయ్యెను? రైతువారీపద్ధతి నిలిచెను గాని, నిలిచినవారి మనసు వేఱయ్యెను. వజాలు తగ్గి, చెఱువుల మరమ్మతు వెనుకఁబడి, రైతు వడ్డీవ్యాపారి చేతఁ జిక్కెను. 1876 మొదలు 1878 వఱకు వచ్చిన ధాతుకఱవున దత్తమండలములలో లెక్కలేని జనులు మడిసిరి. పట్టా యున్నది, శిస్తు మితము లేదు, చెఱువున నీరు లేదు. మూఁటిలో నొకటి యుండి రెండు లేనియెడల నేమగునో యా కఱవు చూపెను. పుంగనూరు జమీందారీలోను, కుప్పము చేరియుండిన కంగుంది జమీందారీలోను రైతునకుఁ జిరకాల మా యొక్క పట్టాయు దొరకలేదు. 1948లో మద్రాసు శాసనసభవారు జమీందారీలను రద్దుచేసి రైతువారీగా మార్చు చట్టమును జేసినపిదప నాయూళ్లకుఁ బట్టా వచ్చెను. వాయల్పాటి రైతునకును కుప్పపు రైతునకును నడుమ నూఱేండ్లకుఁ బైపడిన దూర ముండె నన్నమాట.

నేఁడు మనలోఁ బెక్కండ్రకు పట్టాలును పాసుపుస్తకములును కలవు. కాని పట్టాలో పేరున్నవాఁడు బెంగుళూరులో నుండఁగా, నాగలి పట్టువాఁడు వేఱొకఁ డుండుట మన యూళ్లలో సామాన్యమైనది. మేమును ఈ దోషమునకు వెలిగాము. మా పెద్దలనాఁటి మూఁడెకరముల మెట్టను, మేము పరస్థలములఁ బని చేయుచుండిన కాలమున, ఒక రైతు కాగితము లేకయే కౌలునకుఁ జేయుచుండెను. ఒకయేఁట వేరుసెనగ పూతదశలో నెండిపోయెను. పంటనష్టపు సొమ్ము పట్టా గల మా ఖాతాకు వచ్చెను. నష్టపడినవాఁ డతఁడు. అతఁడు రెండుమాఱులు వచ్చి మా యరుగుపైఁ గూర్చుండి, క్షేమసమాచారము లడిగి, అసలు మాట నడుగలేక వెడలిపోయెను. మూఁడవమాఱు మా యింటివారు జ్ఞాపకము చేసినపిదపనే ఆ సొమ్ము నతని చేతఁ బెట్టితిమి. అప్పటికే అతఁడు విత్తనమునకై వడ్డీకిఁ దెచ్చియుండెను. మన్రో చరిత్రము చదివిన దినమున మాకు ఆ యరుగే జ్ఞప్తికి వచ్చినది. అతని పేరు నే కాగితముపైనను వ్రాయనివారము మేము.

కావున పోషకమహాశయులకు మా విన్నప మిది. 2019లో మన రాష్ట్రమున పంటసాగుదారుల హక్కుల చట్టము చేయఁబడెను. అందు పదునొకండు నెలల యొప్పందపత్రమున సాగుచేయువాని పేరు వ్రాయుదురు. దానివలన భూస్వామి హక్కునకు భంగము లేదు. ఐనను సంతకము చేయుటకు మనలో ననేకులు వెనుదీయుచుండిరి. రెండువందల యేండ్లనాఁడు ఎవ్వఁడో పరదేశీయుఁడు పేదవాని పేరును కాగితమున కెక్కించెను. మన యూరివాని పేరును వ్రాయుటకు మనకు భయమేల? సేద్యము చేయువానికి బ్యాంకు అప్పును, నష్టపరిహారమును నేరుగా అందుటకు దారి తెఱచువా రగుదురు గాక. రెండవది, కౌలు మితముగాఁ గొనుఁడు. పంట చెడినయేఁట వజా యిండు. మూఁడవది, మీరు పుట్టినయూరి చెఱువు కట్టపై నొకమాఱు నడువుఁడు. తూము మూసికొనిపోయినదేమో, మరువ తెగినదేమో, కాలువ నాక్రమించినవాఁడు మన బంధువేయేమో చూడుఁడు. సభకు వెచ్చించు ధనములోఁ గొంత యా కట్టకు వెచ్చించినను సంఘమునకుఁ గీర్తియే.

మన్రో దొర తన తప్పును తానే లెక్కకట్టి దిద్దుకొనఁజూచెను. పై యధికారము చేతికి వచ్చుటకుఁ బదుమూఁ డేండ్లు పట్టెను. మనకు ఆ యాలస్యమునకుఁ గారణము లేదు. మన పొలమునకు మనమే యధికారులము. శ్రీ పట్టాభిరామస్వామివారు వెలసిన యీ పురమున సమావేశమైన మనవారందఱ యిండ్లను ధాన్యలక్ష్మి విడువకుండుఁ గాక యని ప్రార్థించుచు విరమించుచున్నాము.